రబ్బరు రోలు డ్రమ్మును వదిలేస్తే ముందు ఊడిన ముఖం చూడండి

మిర్యాలగూడ బియ్యం మిల్లుల్లో వడ్ల పొట్టు తీసే యంత్రం షెల్లరు. అందులో లోహపు డ్రమ్ము మీద రబ్బరు ఎక్కించిన రోలు రెండు రకాలుగా పోతుంది. ఒకటి అరిగిపోవడం. అది దాని పనే. వడ్ల మీది పొట్టు తీసీ తీసీ అంగుళం మందం రబ్బరు డ్రమ్ము దాకా వస్తుంది, విప్పి పక్కన పెడతారు. రెండోది, సగం కూడా అరగకముందే రబ్బరు డ్రమ్మును వదిలేయడం. ముందు ఒక అంచున సన్నటి నెర్రె పడుతుంది, అది లోపలికి పాకుతుంది, చివరికి పెద్ద రబ్బరు చెక్క లేచి షెల్లరులో పడుతుంది. మిల్లు ఓనరు సొల్యూషన్, అంటే రబ్బరును డ్రమ్ముకు అతికించే పూత, నాసిరకం అంటాడు. రబ్బరు ఎక్కించినాయన వడ్లు పడకుండా రోళ్ళు తిప్పారంటాడు. ఈ తగవు తీర్చగలిగేది ఆ ఊడిన చెక్క అడుగు భాగం ఒక్కటే. దాన్నేమో ఎవరూ చూడరు, అప్పటికే పాత రబ్బరు కుప్పలో పడి ఉంటుంది.

రబ్బరుకూ లోహానికీ నేరుగా పొత్తు కుదరదు. గాలి తగిలిన క్షణం నుంచే లోహం మీద ఆక్సైడ్ పొర, దాని మీద కంటికి కనపడని తేమ చేరతాయి. రబ్బరుది నూనె స్వభావం. అందుకని మధ్యలో రెండు పలుచని పూతలు వేస్తారు. మొదటిది ప్రైమర్, మామూలుగా బూడిద రంగు, ఆరాక 5 నుంచి 10 మైక్రాన్లు. అందులోని ఫినోలిక్ రెజిన్ లోహపు ఆక్సైడును పట్టుకుంటుంది, క్లోరినేటెడ్ రబ్బరు పై పూతతో కలుస్తుంది. రెండోది కవర్ కోటు, నలుపు, 15 నుంచి 25 మైక్రాన్లు. ఇందులో క్లోరిన్ లేదా బ్రోమిన్ ఎక్కించిన పాలిమర్లు, క్యూరింగ్ వేడికి, అంటే రబ్బరును ఉడికించి గట్టిపరిచే వేడికి, పని మొదలుపెట్టి అణువులను ముడివేసే క్రాస్‌లింకర్లు ఉంటాయి. రబ్బరు ఉడికేటప్పుడు ఇవి రబ్బరులోకి కొంత చొచ్చుకుపోయి అక్కడే ముడిపడతాయి. రెండు పూతలూ కలిపినా తలవెంట్రుక మందంలో సగం దాటవు. ఒక రోలు ఇంకో రోలు కంటే 20 నుంచి 25 శాతం వేగంగా తిరుగుతూ వడ్లను రెండు పక్కలకు ఈడ్చే కోత బలమంతా ఆ సగం వెంట్రుక మీదే పడుతుంది.

మన దగ్గర ఎక్కువగా వాడే జత కెమ్‌లాక్ 205, 220. ఇది లార్డ్ కంపెనీది, 2019లో పార్కర్ హానిఫిన్ ఆ కంపెనీని కొనేసింది. కెమోసిల్, మెగమ్, థిక్సాన్ పేర్లతో కూడా ఇలాంటి జతలే ఉన్నాయి. ఏదైనా పని చేస్తుంది, కాకపోతే ఒక కంపెనీ ప్రైమర్ మీద ఇంకో కంపెనీ కవర్ వేసేముందు చిన్న పట్టీ మీద వేసి చూసుకోవాలి. డబ్బా మీద పేరు కంటే డబ్బా తెరవకముందు డ్రమ్ముకు చేసే పనే రోలు ఆయుష్షును ఎక్కువగా తేలుస్తుందని నా అభిప్రాయం. నాలుగు ఊడిన ముక్కలు తిరగేసి చూస్తే మీరూ అదే అంటారు.

నాలుగు ముఖాలు

రబ్బరు, లోహం అతుకును పరీక్షించే అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం డి429 పద్ధతిలో ఊడిన తీరుకు నాలుగు గుర్తులు ఉన్నాయి. రెండు వైపులా రబ్బరే ఉండి, రబ్బరు తనలో తాను చిరిగితే ఆర్. లోహం వైపు నల్లటి కవర్ కోటు నిగనిగలాడుతూ ఉండి రబ్బరు ఆనవాలు లేకపోతే ఆర్‌సి. లోహం వైపు బూడిద రంగు, రబ్బరు వైపు నలుపు ఉంటే సిపి, అంటే రెండు పూతలూ ఒకదాన్నొకటి వదిలేశాయి. ఒట్టి లోహం బయటపడి, బూడిద పూత రబ్బరుతోపాటు లేచి వస్తే ఎం. నిజం రోలు మీద ఇవి కలిసి కనిపిస్తాయి. అందుకే ఏది ఎంత శాతమో అంచనాగా రాసుకోవాలి: 70 ఎం, 30 ఆర్, అట్లా. అంచున ఏముంది, నడుమ ఏముంది అన్నది విడిగా రాసుకుంటే ఇంకా మంచిది.

వీటిలో ఆర్ వస్తే రబ్బరు ఎక్కించినాయన తప్పు దాదాపు లేనట్టే. మిగతా మూడూ ఎక్కువగా వర్క్‌షాపులో పుట్టినవే. మిల్లుల్లో ఎక్కువగా దొరికేది ఎం, కాబట్టి దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుదాం.

ఒట్టి లోహం బయటపడితే

మొదటి దొంగ నూనె. బీడు డ్రమ్ముల్లో, అంటే కాస్ట్ ఐరన్‌లో, ఇది మరీ మొండిది. బీడు లోపల గ్రాఫైట్ రేకులు, సన్నటి రంధ్రాలు ఉంటాయి. ఏళ్ళ తరబడి తవుడు నూనె, బేరింగ్ గ్రీజు వాటిలో ఇంకి ఉంటాయి. పైన ఎంత తుడిచినా, తర్వాత క్యూరింగ్‌లో 150 డిగ్రీలు తగలగానే లోపలిది చెమటలా పైకి వస్తుంది, సరిగ్గా ప్రైమర్ కిందికి. మందు ఒక్కటే: తుడవడానికి ముందే డ్రమ్మును ఓవెన్‌లో 200 డిగ్రీలు దాటించి రెండు మూడు గంటలు ఉంచి, బయటికొచ్చిన నూనెను తుడిచి, ఆ తర్వాత మిగతా పని మొదలుపెట్టాలి. అల్యూమినియం డ్రమ్ముకు ఇది చేయకండి, అంత వేడికి మెత్తబడే మిశ్రమాలు ఉన్నాయి. పాత రబ్బరును మంట పెట్టి కాల్చేసే అలవాటు ఏ డ్రమ్ముకైనా చెడ్డదే. పాత పూతల్లోని క్లోరిన్ ఆవిరై ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మసి రంధ్రాల్లో దిగుతుంది, డ్రమ్ము గుండ్రతనం పోతుంది. లేత్ మీద తిప్పి తీయడమే సరైన పద్ధతి.

తుడిచే వరుస కూడా ముఖ్యం. ముందు నూనె తీయాలి, తర్వాతే బ్లాస్టింగ్, అంటే గాలి ప్రెషర్‌తో గ్రిట్ రజను కొట్టి లోహాన్ని గరుకు చేయడం. తలకిందులు చేస్తే గ్రిట్ ఆ నూనెను గుంటల్లోకి దిగ్గొడుతుంది. గ్రిట్ కుండ మొత్తం నూనె పడుతుంది, ఇక ఆ రోజు నుంచి ప్రతి డ్రమ్ముకూ అదే జబ్బు. తుడవడానికి రెండు తెల్లటి కాటన్ బట్టలు ఉండాలి. ఒకదాన్ని ఎంఈకే లేదా టొలీన్ సాల్వెంటుతో తడిపి తుడవాలి, తడి ఆరేలోపే రెండోదానితో ఎత్తేయాలి. ఒకే బట్టతో అటూ ఇటూ రుద్దితే నూనెను డ్రమ్మంతా సమానంగా పంచినట్టే. కిరోసిన్, డీజిల్ వద్దే వద్దు, వాటి వెనక ఎప్పుడూ ఒక జిడ్డు పొర మిగులుతుంది. పెయింట్ షాపులో దొరికే లూజు థిన్నరు మీద అనుమానం ఉంటే చెంచాడు తీసి శుభ్రమైన గాజు ముక్క మీద ఆరనివ్వండి. మరక మిగిలితే అది డ్రమ్ము మీద కూడా మిగులుతుంది.

బీడుకు, ఉక్కుకు కోణాలున్న స్టీల్ గ్రిట్ జి25 నుంచి జి40 వరకు, 5 నుంచి 6 కేజీల ప్రెషర్ మీద, నాజిల్ 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో. అల్యూమినియానికి ఇనప గ్రిట్ వాడకూడదు. ఇనప రజను అల్యూమినియంలో గుచ్చుకుని, తేమ తగిలినప్పుడు అక్కడ చిన్న బ్యాటరీలా పనిచేసి పూత కిందనే తుప్పు మొదలుపెడుతుంది. దానికి అల్యూమినియం ఆక్సైడ్ గ్రిట్ వేరే కుండలో పెట్టుకుని 3, 4 కేజీలతో కొట్టాలి. గుండ్రటి షాట్ కూడా పనికిరాదు. అది లోహాన్ని సుత్తితో కొట్టినట్టు అణచి సొట్టలు పెడుతుంది తప్ప పూత పట్టుకునే పదునైన గరుకు ఇవ్వదు. గ్రిట్ వాడగా వాడగా తానే గుండ్రబడుతుంది, కాబట్టి అప్పుడప్పుడు జల్లించి కొత్తది కలపాలి. ఏటి ఇసుక చౌక అని దాంతో కొట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇసుకలోని బంకమన్ను లోహం మీద దుమ్ముపొరగా మిగులుతుంది, ఇసుక ధూళి కొట్టేవాడి ఊపిరితిత్తుల్లో సిలికోసిస్‌గా మిగులుతుంది.

కంప్రెసరును ఎవరూ అనుమానించరు. గ్రిట్ ఆపేసి, తెల్ల కాగితాన్ని నాజిల్ ముందు ఒక నిమిషం పట్టుకోండి. చుక్క నూనె గానీ తడి గానీ కనిపిస్తే ఫిల్టరు, వాటర్ ట్రాపు పని చేయట్లేదు. పిస్టన్ రింగులు అరిగిన పాత కంప్రెసర్లలో ఇది దాదాపు ఖాయం. వానకాలంలో ట్యాంకు అడుగు వాల్వు రోజూ పొద్దున తెరిచి నీళ్ళు వదలాలి.

బ్లాస్టింగ్ అయ్యాక గడియారం తిరగడం మొదలవుతుంది. యాసంగి ఎండల్లో మూడు నాలుగు గంటల దాకా పరవాలేదు. జులై, ఆగస్టుల్లో గంటలోపు ప్రైమర్ పడాలి. లోహం మీద లేత పసుపు ఛాయ కనిపించిందంటే తుప్పు మొదలైనట్టే. ఎమ్రీ కాగితంతో రుద్ది సరిపెట్టకుండా మళ్ళీ బ్లాస్ట్ చేయాలి. డ్రమ్మును చేతులతో పట్టుకోవద్దు, చెమటలో ఉప్పూ నూనే రెండూ ఉంటాయి. కాటన్ గ్లవ్స్ జత ఖరీదు ఎంతని?

ఆల్కలీ క్లీనరుతో కడిగే షాపులకు మన నీళ్ళతో ఇంకో తంటా. నల్లగొండ బోరు నీళ్ళ పేరు ఫ్లోరైడుతో దేశమంతా మోగింది. పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ నీరి వాళ్ళు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడు తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే పెట్టారు. పూతల పనిలో మాత్రం ఆ కొద్దిపాటి ఫ్లోరైడు కంటే నీళ్ళలోని క్లోరైడు, కాల్షియం ఉప్పులతోనే ఎక్కువ ఇబ్బంది. ఆఖరి కడుగుడు బోరు నీళ్ళతో చేసి ఆరబెడితే ఆ ఉప్పులన్నీ లోహం మీద సన్నటి పొడిగా ఉండిపోతాయి. పైన పూత పడ్డాక కూడా అవి తేమను పూతలోంచి లోపలికి లాగుతాయి, బొబ్బలు లేస్తాయి. ఊరూరా ఉన్న ఫిల్టర్ ప్లాంటు 20 లీటర్ల క్యానే దీనికి పరిష్కారం. మొదటి రెండు కడుగుళ్ళు బోరు నీళ్ళతో చేసుకుని ఆఖరిది క్యాను నీళ్ళతో చేయండి. అన్ని ప్లాంట్ల నీళ్ళూ ఒకటి కావు, నీళ్ళలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూసి 50 లోపు ఉన్నదే తీసుకోండి. కడిగాక నీళ్ళు డ్రమ్ము మీద ఒకే పొరగా అర నిమిషం నిలవాలి. ఎక్కడైనా పొర విడిపోయి చుక్కలు కట్టిందంటే అక్కడ నూనె ఉంది. నీళ్ళ పొర నిలిస్తే వెంటనే వేడిగాలితో ఆరబెట్టాలి.

ఎం ముఖంలోనే ఒక ఉపజాతి ఉంది. ఒట్టి లోహం, కానీ తుప్పు రంగులో, అంచు నుంచి లోపలికి నాలుకలా పాకి ఉంటుంది, నడుమ భాగం బాగానే ఉంటుంది. ఇది రోలు కొత్తగా ఉన్నప్పుడు లేదు, వాడకంలో వచ్చింది. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఆవిరి, తేమ ఎక్కువ కాబట్టి అక్కడ ఇది బాగా కనిపిస్తుంది. డ్రమ్ము అంచు పదునుగా ఉంటే పూత అక్కడ వెనక్కి జారి పలుచబడుతుంది, తేమ ఆ సందులోంచే దూరుతుంది. అంచులను లేత్ మీద 1 నుంచి 2 మిల్లీమీటర్లు గుండ్రంగా చేసి, ప్రైమర్‌ను రబ్బరు అంచు దాటి మరో 5 నుంచి 10 మిల్లీమీటర్లు వేస్తే ఈ బాధ చాలావరకు పోతుంది.

రెండు పూతలు విడిపోతే

సిపి కారణాలు దాదాపు అన్నీ కలపడంలో, ఆరబెట్టడంలో ఉంటాయి. ఈ ద్రావణాల్లో సగం సరుకు అడుగున పేరుకుని ఉంటుంది. డబ్బాను నాలుగుసార్లు ఊపి పోసుకుంటే పైన తేరిన పలుచటి ద్రవం పడుతుంది, డబ్బా అడుగుకు వచ్చేసరికి బురద పడుతుంది. కర్రకు అడుగున ఏమీ తగలకుండా పోయేదాకా కలపాలి, వాడుతున్నంతసేపూ మధ్యమధ్యలో కలుపుతూనే ఉండాలి. పలుచన చేయడానికి ప్రైమర్‌కు ఎంఈకే లేదా ఎంఐబీకే, కవర్ కోటుకు టొలీన్ లేదా జైలీన్. డబ్బాతో వచ్చే డేటా షీటులో ఏది రాస్తే అదే వాడాలి.

ఎంత పోయాలన్నది లెక్క కట్టుకోవచ్చు. 200 మిల్లీమీటర్ల వ్యాసం, 254 వెడల్పు ఉన్న డ్రమ్ము మీద రబ్బరు పట్టే వైశాల్యం 0.16 చదరపు మీటరు. 8 మైక్రాన్ల ఎండు పొర కావాలంటే 1.3 మిల్లీలీటర్ల ఎండు సరుకు చాలు. కలిపిన ద్రావణంలో ఘనభాగం ఘనపరిమాణంలో 10 శాతం ఉంటే తడిగా 13 మిల్లీలీటర్లు. గన్‌లోంచి గాల్లో పోయేదాన్ని కూడా కలుపుకుంటే ఓ 20, 25. బ్రష్‌తో అరకప్పు పూసే షాపులు దీనికి నాలుగైదింతలు వేస్తున్నాయన్నమాట. మందంగా వేస్తే గట్టిగా పట్టుకుంటుందన్న నమ్మకం ఈ పనిలో అన్నిటికంటే ఖరీదైనది. మందం పొర పైన తొందరగా ఆరి తోలు కడుతుంది, లోపల సాల్వెంట్ చిక్కుకుంటుంది, ఆవిరి ప్రెషర్‌తో రబ్బరును ఉడికించే ఆటోక్లేవు వేడికి అది ఆవిరై బుడగ కడుతుంది. బుడగ కట్టకపోయినా మందం పొర తనలో తానే చీలుతుంది.

మైక్రాన్ గేజి ఉన్నవాళ్ళు దాన్ని నున్నటి పలక మీద కాకుండా బ్లాస్ట్ చేసిన ఒట్టి లోహం మీద సున్నా చేసుకోవాలి. లేదంటే గరుకు గుంటల లోతు కూడా రీడింగులో కలిసిపోయి లేని పూతను ఉన్నట్టు చూపిస్తుంది. అల్యూమినియానికి మాగ్నెటిక్ గేజి పనిచేయదు, ఎడ్డీ కరెంట్ రకం కావాలి.

ఆరబెట్టడం మామూలు రోజుల్లో నీడన 30 నుంచి 60 నిమిషాలు, ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 నిమిషాలు. ఒక పూత పూర్తిగా ఆరాకే రెండోది. మే నెలలో నల్లగొండలో నీడనే 44 డిగ్రీలు ఉన్నప్పుడు తంటా తలకిందులవుతుంది: ఎంఈకే గన్ నుంచి డ్రమ్ము చేరేలోపే ఆవిరైపోతుంది, పొడిపొడిగా పడి బూజుతీగల్లా సాగుతుంది. ఆ పొర చేత్తో రుద్దితే రాలుతుంది, దాని మీద కవర్ నిలవదు. అలాంటి రోజుల్లో తెల్లవారుజామున స్ప్రే పని ముగించుకోవాలి, లేదా నెమ్మదిగా ఆరే సాల్వెంటుకు మారాలి, గన్‌ను 20 సెంటీమీటర్ల దగ్గరికి తేవాలి.

వానకాలంలో ఇంకో రకం. 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న రోజున మంచు పట్టే ఉష్ణోగ్రత 25 దగ్గర ఉంటుంది. సాల్వెంట్ ఆవిరవుతూ లోహాన్ని నాలుగు డిగ్రీలు చల్లబరిస్తే చాలు, తడి పూత మీదే నీటి పొర కడుతుంది. ఆరాక పూత తెల్లగా పాలిపోయినట్టు కనిపిస్తే అదే. డ్రమ్మును ముందే 40, 45 డిగ్రీలకు వెచ్చబెట్టి స్ప్రే చేస్తే ఈ ముప్పు తప్పుతుంది. మంట మీద కాదు, ఓవెన్‌లో. టొలీన్, ఎంఈకే ఆవిర్లు నేలబారున పాకి గది అవతలి వెల్డింగ్ నిప్పురవ్వను వెతుక్కుంటాయి. స్ప్రే చేసేవాడికి దుమ్ము మాస్కు చాలదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి.

పూత వేసిన డ్రమ్మును పాలిథీన్ కవరులో చుట్టి ఎండ తగలని చోట పెడితే చాలా రోజులు నిలుస్తుంది. మిల్లు ఆవరణలోనే షాపు ఉన్నవాళ్ళు మాత్రం ఊక దుమ్ము, తవుడు దుమ్ము సంగతి మరిచిపోకూడదు. తవుడు అంటేనే నూనె.

నలుపు మిగిలి రబ్బరు పోతే

ఆర్‌సి అంటే లోహం పని సరిగ్గా జరిగింది, తేడా రబ్బరు వైపు వచ్చింది. మొదట రబ్బరు షీటును వెలుతురులో చూడండి. వారాల తరబడి నిలవ ఉన్న కాంపౌండు మీద గంధకం, మైనం, స్టియరిక్ ఆసిడ్ పైకి తేలి తెల్లటి పొడిలా కనిపిస్తాయి. ఆ పొడి మీద కవర్ కోటు ఎంత మంచిదైనా రబ్బరును తాకదు. రబ్బరు కలిపే మిల్లు మీద మళ్ళీ తిప్పి తాజాగా షీటు తీయడం ఉత్తమం, లేదంటే టొలీన్‌తో తుడిచి పూర్తిగా ఆరనిచ్చి చుట్టాలి. పొరకూ పొరకూ మధ్య గాలి లేకుండా రోలరుతో నొక్కాలి.

నైట్రైల్ రబ్బరు ఈ పూతలకు బాగా అతుకుతుంది, ఎస్‌బీఆర్ అనే కృత్రిమ రబ్బరు, సహజ రబ్బరు దాని తర్వాత, ఈపీడీఎం అనే ఇంకో కృత్రిమ రబ్బరు చాలా మొండిది. గంధకం బాగా తగ్గించి, ఉడకడాన్ని వేగిరపరిచే యాక్సిలరేటరు మీద నడిపే కాంపౌండ్లు అతుకులో బలహీనంగా ఉంటాయి. కాంపౌండు అమ్మేవాడిని అడిగి తెలుసుకోవలసింది ముందుగా ఇదే, గట్టిదనం షోర్ ఎ 90 ఉందా లేదా అన్నది ఆ తర్వాత.

తర్వాత ఆటోక్లేవు. ఆవిరి 4 కేజీల గేజి ప్రెషర్ దగ్గర 150 డిగ్రీల చుట్టూ ఉంటుంది, కానీ లోపలి గాలిని ముందే పూర్తిగా వెళ్ళగొట్టినప్పుడు మాత్రమే. గాలి మిగిలితే గేజి 4 చూపిస్తూనే ఉంటుంది, వేడి మాత్రం 150కి రాదు. ప్రెషర్ గేజిని నమ్మకుండా థర్మామీటరును చూడండి. అతుకు ఉన్నది అంగుళం రబ్బరు కింద. పైన ఉడికినా అక్కడికి వేడి ఆలస్యంగా చేరుతుంది. డ్రమ్ము బొక్కలోకి కూడా ఆవిరి ఆడేలా నిలబెట్టండి, వేడిని మెట్లుమెట్లుగా పెంచండి. పైన చుట్టే తడి నైలాన్ గుడ్డ వేడికి బిగుసుకుని రబ్బరును డ్రమ్ముకు అదుముతుంది. అది వదులుగా ఉంటే ఒత్తిడి ఉండదు, అతుకూ ఉండదు. దించేటప్పుడు ప్రెషర్ ఒక్కసారిగా వదిలేస్తే లోపలి తేమ పేలాలు వేగినట్టు రబ్బరును స్పాంజి చేస్తుంది.

మోల్డు ప్రెస్సు వాడేవాళ్ళకు దీనికి ఎదురు సమస్య. పూత వేసిన డ్రమ్మును 150 డిగ్రీల మోల్డులో పెట్టి రబ్బరు సర్దుతూ ఆలస్యం చేస్తే, రబ్బరు వచ్చి తాకేలోపే కవర్ కోటు తనంతట తాను ఉడికి కూర్చుంటుంది. నిగనిగలాడే నల్లటి ముఖం, ఒక్క రబ్బరు పొలుసు కూడా లేకుండా వస్తే మొదటి అనుమానం దీని మీదే.

రబ్బరు చిరిగితే

ఇది మిల్లు వైపు సంగతి. వడ్లు అయిపోయాక రోళ్ళను దూరం జరపకుండా వదిలేస్తే అవి ఒకదాన్నొకటి రాసుకుని నిమిషాల్లో వేడెక్కుతాయి. రెండు వైపులా పలుచటి రబ్బరు పొర ఉండి, అది పెళుసుగా, సన్న నెర్రెలతో ఉంటే వేడి దెబ్బ. సహజ రబ్బరు ఎక్కువగా ఉన్న కాంపౌండు అయితే పెళుసుకు బదులు జిగటగా మారుతుంది. రాయో, బోల్టో పడి దెబ్బ తగిలిన చోట చిరుగు ఒక బిందువు నుంచి మొదలై విసనకర్రలా విచ్చుకుంటుంది. ఇట్లాంటి రోలును పట్టుకుని సొల్యూషన్ మార్చమనడం వృథా.

ఇంకో రెండు పాత దారులు

పూతలు రాకముందు నుంచీ ఉన్నవి ఎబొనైటు, ఇత్తడి. వంద పాళ్ళ రబ్బరుకు గంధకం 30 పాళ్ళు దాటించిన గట్టి రబ్బరు, అంటే ఎబొనైటు, పొరను డ్రమ్ము మీద వేసి, దాని మీద మామూలు రబ్బరు ఎక్కించేవాళ్ళు ఇంకా ఉన్నారు. చల్లగా ఉన్నంతవరకు గట్టిగానే ఉంటుంది. 70 డిగ్రీల దగ్గర ఎబొనైటు మెత్తబడుతుంది కాబట్టి వేడెక్కే షెల్లరుకు నేను దాన్ని సిఫారసు చేయను.

ఇత్తడి దారి టైర్లలో నేటికీ నడుస్తోంది: ఉక్కు తీగ మీద మైక్రానులో ఐదో వంతు ఇత్తడి పొర, రబ్బరులోని గంధకం దానిలోని రాగితో కలిసి కాపర్ సల్ఫైడుగా ముడిపడుతుంది. పాలమూరు వైపు ఇసుక నీళ్ళు తోడే పంపుల్లో ఇత్తడి గుల్లల లోపల రబ్బరు బుష్షులు ఉంటాయి. అక్కడ కూడా ఈ రసాయనం పనిచేస్తుంది, కాకపోతే క్యూరింగ్ ఎక్కువైతే సల్ఫైడు పొర మందమై పెళుసెక్కుతుంది. అందుకే ఇత్తడి గుల్లకు కూడా బ్లాస్టింగ్, ప్రైమర్ వేసే పద్ధతే నిలకడ.

ఎక్కించే ప్రతి విడతలో డ్రమ్ములతోపాటు ఒక పరీక్ష పట్టీ కూడా పెట్టండి. డ్రమ్ము లోహంతోనే చేసినది, 60 మిల్లీమీటర్ల పొడవు, 25 వెడల్పు, ఒకటిన్నర మందం. అదే గ్రిట్, అదే పూతలు, అదే రబ్బరు 6 మిల్లీమీటర్ల మందాన. ఒక చివర రబ్బరు అతుక్కోకుండా మాస్కింగ్ టేపు వేసి ఉంచితే పట్టుకోవడానికి కొస దొరుకుతుంది. క్యూరింగ్ అయి ఒక రోజు గడిచాక పట్టీని బిగించి, కొసను లంబంగా లాగండి. రోలు రబ్బరు గట్టిది కాబట్టి ఒంగక మొరాయిస్తే ఉలితో అతుకు గీతలోకి కొట్టి పటకారుతో లాగాలి. ఎన్ని కేజీలకు వచ్చిందన్నది రెండో సంగతి, రబ్బరు చిరిగిందా పూత వదిలిందా అన్నది మొదటిది. రెండో పట్టీని రెండు గంటలు మరుగుతున్న నీళ్ళలో ఉంచి, వేడి తగ్గకముందే అదే విధంగా లాగండి. పొడిగా గట్టిగా ఉండి, ఉడికించాక ఒట్టి లోహం చూపించే పట్టీ వచ్చిందంటే ఆ విడత రోళ్ళను ఉప్పుడు మిల్లుకు పంపకండి, పచ్చి బియ్యం మిల్లుకు ఇచ్చుకోవచ్చు. పట్టీ మీద తేదీ, డబ్బా బ్యాచ్ నంబరు పెయింటుతో రాసి ఒక మేకుకు తగిలించి ఉంచండి. రోలు తిరిగొచ్చిన రోజున దాని చెక్క అడుగు భాగాన్ని ఈ పట్టీ పక్కన పెట్టి చూడొచ్చు.